కొర్రీ పడిన మతిపరీక్ష

ముక్తేశ్వర్రావు గారు రిటైరైన మూడో ఏట ఓ మధ్యాహ్నం, భార్య సుభాషిణి కాఫీ గ్లాసుతో వసారాలోకి రాగానే, పడక్కుర్చీలోంచి దిగ్గున లేచి, పంచె సవరించుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నమస్కారం సార్. ఫైలు రెడీగానే ఉందండి, ఇప్పుడే పెట్టేస్తాను" అన్నారు.

సుభాషిణి పక్కున నవ్వింది. మొగుడు హాస్యమాడుతున్నాడనుకుంది పాపం. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆవిడకి గుర్తొచ్చింది, ఈ మనిషి పెళ్ళయిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా ఒక్కసారైనా హాస్యమాడిన పాపాన పోలేదని. గ్లాసు కిటికీ గూట్లో పెట్టి, "నేనండీ, సుభాషిణిని" అంది. ఆయన కాసేపు తేరిపార చూసి, "ఓహో, నువ్వా" అని కూర్చుని కాఫీ తాగారు. చూడ్డానికి జరిగింది ఇంతే. కానీ ఆ 'కాసేపు' ఉందే, అది ఆవిడ గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మతిమరుపు ఇంకా మొదట్లోనే ఉందమ్మా, మెదడుకి పని తగలాలి, ఊరికే కూర్చోనివ్వకండి అన్నాడాయన. సరేనని సుభాషిణి పళ్ళెం నిండా చిక్కుడుకాయలు పోసి ఈనెలు తియ్యమని ఇచ్చింది. ముక్తేశ్వర్రావు గారు ఆ పళ్ళెం కేసి చాలాసేపు చూసి, ఇందులో ముదురెన్ని, లేతెన్ని, పుచ్చులెన్ని అన్నది ఎక్కడా తెలపలేదనీ, ఆ వివరాలు జతపరిస్తే అప్పుడు పరిశీలిస్తాననీ చెప్పి, పళ్ళాన్ని వంటింటికి తిప్పి పంపేశారు. కూర ఆలస్యమైతే అయింది గానీ, ఆ పూట ఆయన కళ్ళల్లోకి కళ వచ్చింది. రాత్రి దాకా భార్యని భార్యగానే గుర్తుపట్టారు. ఈయనకి పట్టాల్సిన మందు పని కాదు, కొర్రీ అని సుభాషిణికి అప్పుడర్థమైంది.

కొర్రీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. ఎవరో ఒకరు ఆఫీసులో అర్జీ పెట్టుకుంటారు. అందులో ఉన్నదంతా వదిలేసి, లేనిదేదో కనిపెట్టి, అది ఎందుకు లేదో సంజాయిషీ ఇమ్మని ఆ కాగితాన్ని వెనక్కి పంపడమే కొర్రీ వెయ్యడం. గోగులపాడు మండలాఫీసులో ముక్తేశ్వర్రావు గారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన బల్ల మీద పడ్డ కాగితం తిన్నగా ముందుకి వెళ్ళిన దాఖలా లేదు. చేతులు తడపాలేమోనని అనుకునేరు, రామ రామ, ఆయన పరాయివాడి టీ కూడా ముట్టలేదు. కొర్రీ ఆయనకి సంగీతం.

ఆ సంగీతం ఇంటికీ తగిలింది. వాళ్ళింటి ముందు పంట బోదె పారుతుంది. వీధిలోకి వెళ్ళాలంటే బోదె మీద అడ్డంగా వేసిన తాటిదుంగ మీంచి నడవాలి. వానాకాలం అది పాచి పట్టి, సుభాషిణి కూరల సంచీతో సహా ఎన్నిసార్లు బోదెలో పడిందో ఊరందరికీ తెలుసు. సిమెంటు చప్టా వేయించమని ఆవిడ మండలాఫీసుకి అర్జీ పెట్టింది. అది తిరిగి తిరిగి సాక్షాత్తూ కట్టుకున్నవాడి బల్ల మీదకే వచ్చింది. ఆయన దాన్ని ఆమూలాగ్రం చదివి, "అర్జీదారుకును ఈ గుమాస్తాకును గల సంబంధమేమో స్పష్టపరచవలెను" అని రాసి వెనక్కి పంపారు. భార్యనని ఆవిడ రాసిచ్చింది. అర్జీదారు తన గురించి తాను చెప్పుకున్నది చెల్లదనీ, సదరు గుమాస్తా ధ్రువపరచాలనీ రెండో కొర్రీ. పోనీ మీరే ధ్రువపరచండి మహాప్రభో అంటే, తన ఇంటి ఫైలులో తాను సాక్ష్యం చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. పై అధికారి ఎవరైనా తనని అధికారికంగా అడిగితే తప్ప నోరు విప్పకూడదట. ఏ పై అధికారీ అడగలేదు. చప్టా అక్కడే ఆగింది. సుభాషిణి తాటిదుంగ మీదే జీవితం గడిపింది.

ఇలాంటి మనిషికి ఇంట్లో ఎన్నని అర్జీలు పెడుతుంది? చారు మీద కొర్రీ, దుప్పటి మీద కొర్రీ అయ్యాక ఆవిడ దగ్గర సరుకు అయిపోయింది. ఆయన మళ్ళీ పడక్కుర్చీలో కూర్చుని గోడకేసి చూడ్డం మొదలెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది సర్క్యులర్.

వార్ధక్య చైతన్య మండలి అని ఒకటి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దాని కమీషనరు దివాకరం గారు ఏదో సదస్సుకి వెళ్ళి, పని మానేసిన ముసలివాళ్ళకి మతి త్వరగా మందగిస్తుందనీ, పనిలో ఉన్నవాళ్ళకి నిలబడుతుందనీ విన్నారు. సదస్సులో భోజనాలు లేవకముందే ఆయనకి ఆవేశం వచ్చేసింది. తిరుగు ప్రయాణంలోనే సర్క్యులర్ రాశారు. "విశ్రాంత ఉద్యోగులెల్లరును తాము సర్వీసునందు ఏ పనిని ఏ రీతిని చేసియుండిరో, అదే పనిని అదే రీతిని, అభ్యాస కార్యాలయములందు యథాతథముగా కొనసాగించవలెను. అట్టి పనికి ఫలితమేమియు ఉండరాదు" అని అందులో ఉంది. ఆ చివరి వాక్యం చదివి గోగులపాడు విశ్రాంత ఉద్యోగులెవరూ ఆశ్చర్యపోలేదు.

మూతబడ్డ సత్యవతీ టాకీసుని అద్దెకి తీసుకుని అభ్యాస కార్యాలయం తెరిచారు. గుమాస్తాలకి నేల, పెద్ద గుమాస్తాలకి బెంచీ, సూపరింటెండెంట్లకి కుర్చీ క్లాసు, అధికారులకి బాల్కనీ. అర్జీలు టికెట్ల కిటికీ కన్నంలోంచి చెయ్యి దూర్చి ఇవ్వాలి. ప్రారంభోత్సవానికి దివాకరం గారు స్వయంగా వచ్చి తెర ముందు నిలబడి ఉపన్యాసమిచ్చారు. "మెదడు అనునది ప్రభుత్వ జీపు వంటిది. వాడకున్నను తుప్పు పట్టును, వాడినను తుప్పు పట్టును. కావున వాడుటయే శ్రేయస్కరము" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఆగి, చప్పట్లు రెండు చేతులతో కొట్టుట మెదడు యొక్క రెండు భాగములకును మంచిదని కూడా చెప్పారు.

సుభాషిణి లేచి ఓ సందేహం అడిగింది.

"మరి మా ఆడవాళ్ళ సంగతేంటండీ? మాకూ మతి పోతుంది కదండీ."

దివాకరం గారు సర్క్యులర్ అటూ ఇటూ తిరగేశారు. "గృహిణులకు విరమణ వయసు నిర్ణయింపబడలేదమ్మా. విరమణ లేనిచోట మతిమరుపు ఉత్పన్నం కాజాలదు. ఆ మేరకు మీరు అదృష్టవంతులు" అన్నారు.

ఆవిడ అదృష్టాన్ని కొంగున ముడేసుకుని కూర్చుంది గానీ, ఆ మాట మాత్రం మనసులో దాచుకుంది.

మొదటిరోజు సాయంత్రం ముక్తేశ్వర్రావు గారు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, సాంబారులో ములక్కాడ ముక్కలు ఎన్ని వెయ్యాలన్నదానికి ఓ పద్ధతంటూ లేదా అని కసిరారు. సుభాషిణి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని సంతోషంతో ఏడ్చింది. వారం తిరక్కుండా ఆయన గొంతు పెరిగింది. నెల తిరిగేసరికి పక్కింటివాళ్ళ పుట్టినరోజులు కూడా వాళ్ళకే గుర్తుచేస్తున్నారు. మూణ్ణెల్లకోసారి మండలి వారు పెట్టే మతిపరీక్షలో ఆయనకి ముప్పైకి ముప్పై వచ్చాయి.

టాకీసులో అందరిదీ అదే జోరు. సర్వీసులో ఎలా చేశారో అలాగే చెయ్యమన్నారు కదా, జీవితమంతా ఆలస్యంగా వచ్చిన గుమాస్తా ఆలస్యంగా రావడానికి పొద్దున్నే లేచి ఎదురు టీకొట్టులో కూర్చునేవాడు. టైము దాటగానే పరిగెత్తుకొచ్చి బస్సు దొరకలేదని చెప్పేవాడు. యూనియన్ నాయకుడొకాయన అభ్యాస సమ్మె చేయించి, తన కోర్కెలు కల్పితం గనక వాటిని తీర్చినా ఒప్పుకునేది లేదన్నాడు. మామూళ్ళ విషయంలో సర్క్యులర్ మౌనం వహించడంతో కొందరు పెద్దలు చాలా ఇబ్బంది పడ్డారు.

ఇంతమంది గుమాస్తాలకి అర్జీలు కావాలి. అంచేత ఊళ్ళో గృహిణుల్ని అభ్యాస అర్జీదారులుగా నియమించారు. అర్జీ పూర్తిగా కల్పితమై ఉండాలని నియమం. తక్కినవాళ్ళు సరదాగా మా ఇంట్లో ఏనుగు దూరింది, మా పెరట్లో సముద్రం పొంగింది అని రాసిచ్చారు. సుభాషిణికి మాత్రం కల్పిత సమస్య ఎంత ఆలోచించినా తట్టలేదు. తాటిదుంగ ఉండగా లేని కష్టం ఎక్కణ్ణుంచి తెస్తుంది? పాత చప్టా అర్జీనే మళ్ళీ రాసి, పైన 'కల్పితం' అని పెద్దక్షరాలతో పెట్టి కిటికీలోంచి తోసేసింది.

ఆ అర్జీ ముందు రిటైర్డు ఓవర్సీరు బులిరాజు గారి దగ్గరికి వెళ్ళింది. అభ్యాసం కోసం ఆయనకి మండలి వారు ఇసుకా సిమెంటూ ఇచ్చారు. కల్పిత సిమెంటుకి ఎవరూ టెండరు వెయ్యకపోవడంతో అవి నిజమైనవే వచ్చాయి. ఓ మంగళవారం పొద్దున్న సుభాషిణి తలుపు తీసేసరికి బోదె మీద చప్టా వేసేస్తున్నారు. ఆవిడ ఆనందం పట్టలేక పనివాళ్ళందరికీ పెసరట్లు వేసింది. అట్లు అయ్యేసరికి పని కూడా ఆగింది. చప్టా ఇవతలి గట్టున మొదలై బోదె సగం దాకా వచ్చి నిలిచిపోయింది.

"మిగతా సగం ఏదండీ బులిరాజు గారూ?" అని ఆవిడ అడిగింది.

"మరేనండి. సర్వీసులో నేనెప్పుడూ సగవే కట్టేవోణ్ణండి. రెండో సగానికి ఆఫీసు నుంచి కాయితం రావాలి. అదొస్తే ఒక్కపూట పనండి, ఆయ్" అన్నారు బులిరాజు గారు.

ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో వేరే చెప్పాలా? ముక్తేశ్వర్రావు గారు అర్జీ చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, పాత కొర్రీనే పొల్లు పోకుండా వేశారు. ఇదేం అన్యాయమండీ, ఉత్తుత్తి అర్జీయే కదా అని సుభాషిణి ఇంటికొచ్చాక నిలదీసింది. ఉత్తుత్తి అర్జీకి కూడా అర్జీదారు ఉంటుంది కదా అన్నారాయన. ఆవిడ ఇంకో మాట అనబోయి ఆగింది. ఎన్నో ఏళ్ళనాటి కొర్రీ అక్షరం మర్చిపోకుండా రాసిన మనిషిని చూస్తే కోపమూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది. వీధిలోకి వెళ్ళాలంటే సగం చప్టా మీద నడిచి, అక్కణ్ణుంచి తాటిదుంగ మీదకి దూకడం అలవాటు చేసుకుంది.

ఇంతలో ఊరికి టాకీసు రుచి తెలిసింది. ఒక్క ముక్తేశ్వర్రావు గారి బల్ల తప్పిస్తే అక్కడ పనులు చకచకా అయిపోతున్నాయి. ఎందుకవ్వవు చెప్పండి? ఏం సంతకం పెడితే ఏం ముంచుకొస్తుందోనన్న భయం నిజం ఉద్యోగికి ఉంటుంది. ఇది ఫలితం లేని సంతకం కదా అని బాల్కనీలో పెద్దలు ధైర్యంగా పెట్టేసేవారు. సెలవు పెట్టి ఎక్కడికి వెళ్ళాలో తెలియని వాళ్ళు గనక ఎవరూ సెలవు పెట్టేవారు కాదు. ధ్రువపత్రాల మీద 'అభ్యాసం' అని గుండ్రటి ముద్ర ఉండేది. అదేదో కొత్త శాఖ కాబోలని బడుల వాళ్ళూ బ్యాంకుల వాళ్ళూ కళ్ళకద్దుకుని తీసుకున్నారు. జనం నిజం అర్జీల మీద కూడా 'కల్పితం' అని రాసి టాకీసు ముందు క్యూ కట్టారు. ఒకప్పుడు అక్కడ బ్లాకులో టికెట్లమ్మిన కుర్రాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళై ఉండగా, క్యూలో నంబర్లు అమ్ముకునే పని వాళ్ళకీ మళ్ళీ దొరికింది.

అక్కడ నిజం మండలాఫీసు బోసిపోయింది. తహసీల్దారు రోజంతా ఫ్యాను కేసి చూస్తూ కూర్చునేవాడు. గుమాస్తాలు మధ్యాహ్నం ఓసారి లేచి పడుకునేవారు. దివాకరం గారు తనిఖీకి వచ్చి, సరదాగా వాళ్ళకీ మతిపరీక్ష పెట్టించారు. తహసీల్దారుకి ముప్పైకి తొమ్మిదొచ్చాయి. తన హోదా గుర్తుంది గానీ ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో చెప్పలేకపోయాడు. కమీషనరు గారు కంగారుపడలేదు. సిద్ధాంతం రుజువైందని పొంగిపోయారు. పని లేనివారికి మతి క్షీణించును, వీరికి పని లేదు, కావున వీరినందరినీ తక్షణమే అభ్యాస కార్యాలయమునకు తరలించవలెనని ఉత్తర్వు వేసి, మండలాఫీసుకి తాళం పెట్టించారు.

తహసీల్దారు మందీ మార్బలంతో దిగేసరికి టాకీసులో సీటు లేదు. 'హౌస్‌ఫుల్' బోర్డు అటక మీంచి దింపి, దులిపి, గేటుకి తగిలించారు. కొత్తవాళ్ళకి చోటెలా? దివాకరం గారు మరో సర్క్యులర్ తీశారు. పరీక్షలో పూర్తి మార్కులు పొందినవారిని స్వస్థులుగా భావించి ఇంటికి పంపివేయవలెను. ఇంటివద్ద పని లేక మతి తిరిగి క్షీణించినచో వారు మరల దరఖాస్తు చేసుకొనవచ్చును. ఇంటికి పంపేవాళ్ళ జాబితాలో ముందు ఎవరి పేరుందో చూద్దామని సుభాషిణి వెళ్ళింది. ముప్పైకి ముప్పై వచ్చినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆఖరిసారి పరీక్షించి, మార్కులు తగ్గకపోతే ఇంటికి పంపేస్తామన్నారు.

ఆవిడకి పడక్కుర్చీ కళ్ళ ముందు కదిలింది.

పరీక్ష రోజు పొద్దున్న అట్టు కంచంలో వేస్తూ, ఆయన్ని తప్పులు చెప్పడానికి తయారుచేద్దామని చూసింది. ఇవాళ ఏ వారమంటే శుక్రవారమనండి అంది. ఇవాళ బుధవారం అన్నారాయన. నాకూ తెలుసు, అయినా శుక్రవారమనండి అంది. రికార్డుకి విరుద్ధంగా చెప్పడం తన వల్ల కాదన్నారు. వందలోంచి ఏడు తీస్తే డెబ్బై అనండి అంది. తన సర్వీసులో అంకె మార్చిన పాపాన పోలేదు, ఇప్పుడు మార్చమంటావా అని ఆయన గుడ్లురిమారు.

సుభాషిణి అట్లకాడ పక్కన పెట్టేసింది.

"మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ నన్ను సారంటారండీ. ఆ రోజు మీరు నన్ను చూసి నేనెవరో ఆలోచించారు. ఇంకోసారి అలా చూస్తే నేను తట్టుకోలేను" అంది.

ముక్తేశ్వర్రావు గారు అట్టు తిన్నారు. ఆ రోజు పచ్చడిలో ఉప్పు బొత్తిగా లేదు. దాని మీద ఆయన కొర్రీ కూడా వెయ్యలేదు.

పరీక్ష తెర ముందు వేదిక మీద పెట్టారు. మండలి డాక్టరు ఒక పక్క, దివాకరం గారు ఒక పక్క, మధ్యలో ముక్తేశ్వర్రావు గారు. కింద నేల క్లాసులో ఊరు ఊరంతా ఉంది. అర్జీదారుల వరసలో ముందే కూర్చున్న సుభాషిణి చీర చెంగు పీకేస్తోంది. ఇవాళ ఏ వారమండీ అని డాక్టరు మొదలెట్టాడు.

ముక్తేశ్వర్రావు గారు చెయ్యి చాచి ప్రశ్నపత్రం తీసుకుని, కింద నుంచి పైకి చదివారు.

"ఈ పత్రం మీద పోయిన నెల తేదీ ఉందండి. ఇవాళ అంటే ప్రశ్న తయారైన రోజా, ప్రశ్న అడిగిన రోజా? స్పష్టపరచవలెను" అన్నారు.

డాక్టరు దివాకరం గారి కేసి చూశాడు. దివాకరం గారు తలాడించి, ప్రశ్న మీద కొర్రీ పడింది, రాసుకోండి, తరవాత ప్రశ్నకి వెళ్ళండి అన్నారు. డాక్టరు మూడు మాటలు చెబుతాననీ, గుర్తుపెట్టుకుని మళ్ళీ చెప్పాలనీ అని, మామిడి, గొడుగు, రైలు అన్నాడు.

"మామిడి అంటే చెట్టా, కాయా? గొడుగు ఎవరిది? రైలు వచ్చేదా, పోయేదా? ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి గల సంబంధం జతపరచలేదండి. జతపరిస్తే గుర్తుపెట్టుకునే విషయం పరిశీలిస్తాను."

మూడూ గుర్తున్నాయి కదండీ, మార్కులు వేసేస్తానని డాక్టరు కలం తీశాడు. దివాకరం గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. కొర్రీలో ఉదహరించినది జవాబుగా పరిగణింపరాదట. గడియారం బొమ్మ గీసి పదకొండుంపావు చూపించమన్నాడు డాక్టరు. గోడ మీద ఉన్న టాకీసు గడియారం ఆగిపోయి చాలా కాలమైందనీ, ఆగిన గడియారం చేత టైము చూపించడానికి ఎవరి అనుమతి ఉందో తెలపాలనీ కొర్రీ పడింది. వందలోంచి ఏడు తియ్యమంటే, ఆ వంద ఎవరిదనీ, తీసిన ఏడు ఎక్కడ జమ చెయ్యాలనీ అడిగారు. నేల క్లాసులో ఈలలు మొదలయ్యాయి. వెనక వరసలోంచి ఎవరో అదే కొర్రీ ఇంకోసారి వెయ్యమని కేకేశారు.

దివాకరం గారికి కళ్ళు చెమర్చాయి. ఆయన కూడా గుమాస్తా నుంచి పైకొచ్చినవాడే. ఇంత శుద్ధమైన కొర్రీ చూసి ఎన్నాళ్ళైందోనని రుమాలు తీసుకున్నారు. కొర్రీ పడిన ప్రశ్న జవాబు లేకుండా ముందుకి కదలకూడదనీ, పెద్దాఫీసు నుంచి వివరణ వచ్చేదాకా ఆ ప్రశ్నలన్నింటికీ సున్నా కిందే లెక్కనీ తేల్చారు. వివరణ రావడానికి ఎంత కాలం పడుతుందని డాక్టరు అడిగితే, లోకం తెలియని పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు.

సుభాషిణికి అప్పటికి సంగతి బోధపడింది. ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు, రికార్డుకి విరుద్ధంగా ఒక్క ముక్క మాట్లాడలేదు, అయినా వరసగా తప్పుతున్నారు. ఓరి దొంగా అనుకుంది. అన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత ముద్దు ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

డాక్టరు కాగితాలు పక్కన పడేసి, ముందు వరసలో ఉన్న సుభాషిణిని చూపించాడు.

"పోనీ ఇదైనా చెప్పండి. అదిగో, ఆవిడ మీకేమవుతారు?"

ఊళ్ళో ఆ కొర్రీ సంగతి తెలియనివాళ్ళు లేరు. బులిరాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సుభాషిణికి మాత్రం చప్టా గుర్తు రాలేదు. ఆయన కొర్రీ వేస్తే నెగ్గినట్టే, తెలుసు. కానీ ఆ కొర్రీ వేసే ముందు ఆయన తనని కాసేపు తేరిపార చూస్తారేమో, అది కొర్రీయో మరుపో తనకి తెలియకుండా పోతుందేమో అని బెంగపడింది. ఆ 'కాసేపు' కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

"నా భార్యండి. సుభాషిణి. ఇందులో కొర్రీ ఏమీ లేదు" అన్నారు ముక్తేశ్వర్రావు గారు.

సుభాషిణి అంతమందిలో చెంగు మొహానికి అడ్డుపెట్టుకుని భోరున ఏడ్చేసింది.

డాక్టరు మార్కులు కూడాడు. ముప్పైకి ఒకటి వచ్చింది. తహసీల్దారు కన్నా ఎనిమిది తక్కువ. దివాకరం గారు లేచి, ఇతని స్థితి అత్యంత విషమముగా నున్నందున వివరణలు అందువరకును, అవి అందనిచో జీవితాంతమును, ఇతనికి ఎడతెగని పని కల్పించవలెనని గంభీరంగా ఉత్తర్వు చదివారు. జనం రెండు చేతులతో చప్పట్లు కొట్టారు. ఆ గోలలోనే బులిరాజు గారు వేదిక దగ్గరికి తోసుకొచ్చి, ఆ ఒక్క జవాబూ రికార్డుకి ఎక్కిందా అని అడిగారు. ఎక్కిందన్నాడు డాక్టరు. పై అధికారి సమక్షంలో, అధికారికంగా అడగ్గా, సదరు గుమాస్తా ధ్రువపరిచాడు. ఎన్నో ఏళ్ళనాటి కొర్రీ ఆ పూటతో తీరిపోయింది.

రెండు రోజుల్లో చప్టా అవతలి గట్టు చేరింది. ఫలితం ఉండకూడదన్న నియమం గుర్తొచ్చి మండలి వారు దాని పక్కన బోర్డు పాతారు. "ఇది అభ్యాస చప్టా. దీనిపై నడుచువారు అభ్యాసముగా మాత్రమే నడవవలెను. నిజముగా దాటదలచినవారు తాటిదుంగను ఉపయోగించవలెను" అని దాని మీద రాసి ఉంది. ఊళ్ళోవాళ్ళు అటు వెళ్ళేటప్పుడు ఓసారి బోర్డు కేసి చూసి, అభ్యాసంగానే వెళ్ళొస్తున్నారు.

ఆ ఆదివారం దంపతులిద్దరూ చప్టా మీద కాళ్ళు బోదెలోకి వేలాడేసి కూర్చున్నారు. సుభాషిణి ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం ఉంది. వంటింటి నుంచి విరమణ ఇప్పించమని రేపు తను టాకీసులో అర్జీ పెడుతున్నట్టు ఆవిడ చెప్పింది. కమీషనరు గారు తమకి మతిమరుపు రాదన్నారు గానీ, మొన్న పచ్చట్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయానని గుర్తుచేసింది.

"పెట్టు. నా బల్ల మీదకే కదా వస్తుంది" అన్నారాయన.

"కొర్రీ వేస్తారా?"

"వెయ్యనా మరి? నీ స్థానంలో పని ఎవరు చేస్తారో అర్జీలో తెలపవలసి ఉంటుంది" అని, బోదెలోంచి కాళ్ళు పైకి తీసుకుని, "ఆ కాలమ్ నేను నింపుతాలే. ముందు ఆ పళ్ళెం ఇలా తే" అన్నారు.

ఈనెలు తీస్తూ ఆయన ముదురెన్ని అనలేదు, లేతెన్ని అనలేదు. పుచ్చులెన్నో కూడా చూడలేదని మధ్యాహ్నం కూర తింటుంటే తెలిసింది. సుభాషిణి మారు వడ్డించుకుంది.